సంత మారింది, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

పొదుపు సంఘాల స్త్రీలకు ఇచ్చే శిక్షణల్లో ఈ మధ్య ఒక కొత్త పాఠం చేరింది. పచ్చళ్ళు పెట్టేవాళ్ళకీ, చీరలు నేసేవాళ్ళకీ, పూతరేకులు చుట్టేవాళ్ళకీ, జాకెట్లు కుట్టేవాళ్ళకీ అందరికీ ఒకటే పాఠం. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో సరుకు ఎలా పెట్టాలి, 'సరైన కొనుగోలుదారు'ను ఎలా చేరాలి అన్నదే ఆ పాఠం. వయసు, ఆడా మగా, ఊరు, ఆసక్తులు అనే నాలుగు గళ్ళు నింపితే చాలు, మీ ప్రకటన కావలసినవాళ్ళ కళ్ళ ముందుకు దానంతటదే వెళ్తుందని చెప్తారు. రెండు గంటల్లో పాఠం పూర్తవుతుంది. అందరూ కలిసి ఫోటో దిగుతారు. నివేదికలో సాధికారత అన్న శీర్షిక కింద మరో అంకె చేరుతుంది.

ఆ పాఠంలో చెప్పేది అబద్ధమని నేను అనటం లేదు. కానీ ఆ నాలుగు గళ్ళకంటే ముందు నింపవలసిన గళ్ళు వేరే ఉన్నాయి. ఆ ఫోను ఎవరిది? సిమ్ ఎవరి పేరు మీద ఉంది? డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? కొన్నవాళ్ళ పేర్లూ నంబర్లూ ఎవరి దగ్గర ఉంటాయి? ప్రకటన ఖర్చు ఎవరి అప్పులో కలుస్తుంది? కొనుగోలుదారును చేరే దారి ఎవరి అదుపులో ఉంటే వ్యాపారం వాళ్ళదే అవుతుంది. సరుకు చేసిన స్త్రీ చేతిలో ఆ దారి లేకపోతే ఎన్ని లైకులు వచ్చినా ఆమె కూలిమనిషిగానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్న సెల్‌ఫోన్‌తో పుట్టింది కాదు. నర్సాపురం చుట్టుపక్కల గ్రామాల్లో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ఇంటి గడప దాటని స్త్రీలు ఇంటిపని మధ్యలో గంటల తరబడి లేసు అల్లేవాళ్ళు. పువ్వు అల్లేది ఒకరు, వాటిని అతికేది ఇంకొకరు. ఆ సరుకు దళారుల చేతుల మీదుగా, ఎగుమతిదారుల చేతుల మీదుగా విదేశాలకు వెళ్ళేది. దళారులూ ఎగుమతిదారులూ మగవాళ్ళు. అల్లే ఆమె మాత్రం లెక్కల్లో గృహిణి. తీరిక వేళల్లో ఏదో కాలక్షేపంగా చేసుకుంటుందని అందరూ అనుకునేవారు కాబట్టి ఆమెకు ఎంత తక్కువ ఇచ్చినా చెల్లిపోయేది. ఆడవాళ్ళ శ్రమను ఇలా ఇంటిపనిలో కలిపేసి కనిపించకుండా చేయటాన్ని మీస్ సిద్ధాంతీకరించారు. ఆ శ్రమ ప్రపంచ మార్కెట్‌ను చేరింది కానీ, శ్రమించిన స్త్రీ ఆ మార్కెట్‌ను చేరలేదు. నలభై ఏళ్ళు దాటినా ఈ తేడా మనకు కొలబద్దగా పనికొస్తుంది.

ఆ తర్వాతి చరిత్ర మనలో చాలామందికి అనుభవమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఊళ్ళకు ఊళ్ళను కదిలించింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు బలపడ్డాయి. పొదుపు తర్వాత అప్పు వచ్చింది, అప్పు తర్వాత 'ఏదైనా ఉత్పత్తి చేయండి' అన్న సలహా వచ్చింది. కొవ్వొత్తులు, ఫినాయిల్, అప్పడాలు, అగరుబత్తీలు, పచ్చళ్ళు. అన్ని సంఘాలకూ ఇంచుమించు అవే శిక్షణలు, అవే సరుకులు. కొనేవాళ్ళెవరన్న ప్రశ్నకు డ్వాక్రా బజార్లు, ఎగ్జిబిషన్లు తప్ప వేరే జవాబు దొరకలేదు. ఏడాదిలో కొన్నాళ్ళు నడిచే బజారుతో ఏడాది పొడుగునా కుటుంబం గడవదు. అమ్ముడుపోని సరుకు ఇంట్లో ఉండిపోయింది, అప్పు కిస్తీ మాత్రం ఆగలేదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అప్పు ఇచ్చేవాళ్ళు ఇంటి గుమ్మం దాకా వచ్చారు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు.

ఈ నేపథ్యంలో చూస్తే సెల్‌ఫోన్ తెచ్చిన మార్పును తీసిపారేయటం తగదు. 2016లో డేటా చౌకయ్యాక దుకాణం అద్దె కట్టలేని స్త్రీకి, ఊరు దాటే వీలు లేని స్త్రీకి, వికలాంగురాలికి, ఒంటరి తల్లికి ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. మంగళగిరి చీరను నేసిన ఇంటి నుంచే హైదరాబాదులోని కొనుగోలుదారుకు చూపించవచ్చు. నడుమ ఇద్దరు దళారులు తగ్గితే ఆ డబ్బు నేసినవాళ్ళకే మిగులుతుంది. కాబట్టి సామాజిక మాధ్యమాల్లో అమ్మకాన్ని వద్దనటం మన పని కాదు. దాన్ని ఏ షరతుల మీద వాడుకోవాలో తేల్చుకోవటం మన పని.

ముందుగా ఆ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ మెటా అనే ఒకే కంపెనీవి. ఆ కంపెనీ ఆదాయంలో దాదాపు అంతా ప్రకటనల నుంచే వస్తుంది. మనం ఒక పోస్టు పెట్టినంత మాత్రాన మన పేజీని అనుసరించే వాళ్ళందరికీ అది కనిపించదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, స్నేహితులూ బంధువులూ పెట్టేవాటికి ప్రాధాన్యమిస్తానని ప్రకటించింది. వ్యాపార పేజీలు పెట్టేవి ఉచితంగా కనిపించటం ఇంకా తగ్గింది. కనిపించాలంటే డబ్బు కట్టాలి. ఆ డబ్బు కట్టే పద్ధతి కూడా ఒక వేలంపాట. మంగళగిరి చీర కొనగల స్త్రీ కళ్ళ ముందు ఉన్న ఒక్క చోటు కోసం మన సంఘమూ, పెద్ద పట్టుచీరల షోరూమూ ఒకే వేలంలో నిలబడతాయి. పండగలకూ పెళ్ళిళ్ళకూ ముందు, సరిగ్గా మన సరుకు అమ్ముడుపోవలసిన రోజుల్లోనే, పోటీ పెరిగి ఆ చోటు ధర కూడా పెరుగుతుంది.

ఇక 'సరైనవాళ్ళు' ఎవరో నిర్ణయించేది మనమేనా? సగమే మనం. నాలుగు గళ్ళు మనం నింపినా, వాటిలో ఇమిడే లక్షల మందిలో ఎవరికి చూపించాలో కంపెనీ లెక్క తేలుస్తుంది. 2019లో అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అప్‌టర్న్ సంస్థల పరిశోధకులు కలిసి దీన్ని పరీక్షించారు. ఆడా మగా అన్న తేడా పెట్టకుండా ఫేస్‌బుక్‌లో ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి చూశారు. కొన్ని సందర్భాల్లో కలప పరిశ్రమ ఉద్యోగాల ప్రకటన చూసినవాళ్ళలో 90 శాతం మగవాళ్ళు. సూపర్‌మార్కెట్ క్యాషియర్ ఉద్యోగాల ప్రకటన చూసినవాళ్ళలో 85 శాతం ఆడవాళ్ళు. ప్రకటన ఇచ్చినవాళ్ళు అడగకుండానే సమాజంలోని పాత పని విభజనను ఆ యంత్రం తనంతట తానే తిరగరాసింది. ఇల్లు, ఉద్యోగం, అప్పులకు సంబంధించిన ప్రకటనల్లో వయసును బట్టీ లింగాన్ని బట్టీ ఎంపిక చేసుకునే వీలు తీసేస్తానని ఫేస్‌బుక్ 2019 మార్చిలో ఒప్పుకున్నది అమెరికాలో పౌరహక్కుల సంఘాలు కోర్టుకెక్కాకే. 'ఆసక్తి' అన్న గడి వెనక పితృస్వామ్యం, తరతరాల అసమానత దాగి ఉంటాయని మరిచిపోకూడదు.

మన దగ్గర ఆ అసమానతకు కులం అన్న పేరు కూడా ఉంది. తినే సరుకుల ప్రకటనల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫలానా కులం వారి ఇంటి పచ్చళ్ళు, ఫలానా వారి మడి వంటలు అని పేరు పెట్టి అమ్మటం మామూలైపోయింది. మధ్యాహ్న భోజన పథకంలో దళిత స్త్రీ వండిన అన్నం తినవద్దని పిల్లల్ని ఆపిన ఘటనలు దేశంలో ఎన్నో చోట్ల బయటపడ్డాయి. అదే మనసు ఫోను తెర మీద కొనుగోలుదారుడి 'అభిరుచి'గా మారుతుంది. 'మీ సరుకు ఎవరు కొంటారో వాళ్ళనే చేరండి' అన్న సలహాను ప్రశ్నించకుండా పాటిస్తే మాలమాదిగ వాడల నుంచి వచ్చే పచ్చడికి ఊరూ పేరూ దాచుకోవలసిన గతి పడుతుంది. సంఘం పేరుతో, సమాఖ్య ముద్రతో అమ్మటం కొంత రక్షణ ఇవ్వవచ్చు. కానీ ఆ రక్షణ కోసం చేసినవాళ్ళ పేర్లు చెరిపేయవలసి వస్తే అది కూడా ఓటమే. మన సంస్థలు నడిపే పేజీల్లో కులం పేరుతో రుచిని అమ్మబోమన్న నియమమైనా పెట్టుకోలేమా?

ఇప్పుడు ఫోను సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 48.9 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమైతే మగవాళ్ళు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, మగవాళ్ళు 57.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆమె చేతిలో ఉండటం వేరు. గ్రామాల్లో నేను మాట్లాడిన స్త్రీలలో చాలామందికి వ్యాపారం నంబరు భర్తదో కొడుకుదో. ఆర్డరు అతనికి వస్తుంది, బేరం అతను ఆడతాడు, డబ్బు అతని ఖాతాలో పడుతుంది. ఆమెకు 'రేపటికి ఐదు కిలోలు' అన్న కబురు మాత్రం చేరుతుంది. నర్సాపురం దళారి ఇప్పుడు ఇంట్లోనే కూర్చున్నాడు, అంతే తేడా.

ఫోను ఆమె చేతికే వచ్చిన చోట ఇంకో సమస్య ఎదురవుతుంది. అమ్మకానికి నంబరు బయట పెట్టక తప్పదు. పెట్టిన మరుక్షణం నుంచి అది అందరి సొత్తు అన్నట్టు ప్రవర్తించే మగవాళ్ళకు కొదవ లేదు. రాత్రి పదకొండింటికి 'చీర బాగుంది, మీరు ఇంకా బాగున్నారు' అని సందేశం. జవాబు ఇవ్వకపోతే సరుకు బాగాలేదని పేజీ నిండా రాతలు. లైవ్‌లో చీరలు చూపించే ఆమె కింద బూతులు. నలుగురూ చూస్తే భర్త ఫోను లాక్కుంటాడేమోనన్న భయంతో ఆమె ఎవరికీ చెప్పదు. 2013లో వచ్చిన పని స్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం యజమాని ఉన్న చోటును దృష్టిలో పెట్టుకుని రాసినది. ఫోనే దుకాణమైన స్త్రీకి యజమాని ఎవరు? వద్దని స్పష్టంగా చెప్పినా పదేపదే సందేశాలు పంపి వెంటపడటం నేరమేనని భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ చెప్తోంది. 2013లో ఐ.పి.సి.లో 354-డిగా చేరిన నిబంధనే ఇది. అమ్మకం పాఠంలో ఈ సెక్షన్‌కు ఐదు నిమిషాలు ఎందుకు దొరకవు? సందేశాలను చెరిపేయకుండా తేదీతో సహా దాచుకోవాలని, నంబరును అడ్డుకోవటమెలాగో, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో కూడా మార్కెటింగ్‌లో భాగమే.

మోసాలూ అంతే. ఆర్డరు ఇస్తున్నానని నమ్మించి, 'డబ్బు పంపుతున్నాను, మీ పిన్ నొక్కండి' అని ఖాతా ఖాళీ చేసేవాళ్ళున్నారు. డబ్బు తీసుకోవటానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. మోసం జరిగితే వెంటనే చేయవలసిన నంబరు 1930. ఈ రెండు వాక్యాలు ప్రతి సంఘం పుస్తకం అట్ట మీద రాసి ఉండాలి.

సమయం మాటేమిటి? వంట, పిల్లలు, పొలం పని, సరుకు తయారీ అయ్యాక ఫోటోలు తీయాలి, వీడియో చేయాలి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ జవాబివ్వాలి. పది మంది ధర అడిగితే కొనేది ఒకరు. ఈ శ్రమకు లెక్క లేదు. కిలో పచ్చడి ధరలో మామిడికాయ, నూనె, కారం, సీసా, కొరియర్ అన్నీ ఉంటాయి. ఆమె తెర ముందు గడిపిన రెండు గంటలు ఉండవు. అదృశ్య శ్రమ గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనం ధర కట్టే దగ్గరే దాన్ని మరిచిపోతే ఎలా?

ప్రకటన ఖర్చు గురించి ఒక చిన్న లెక్క వేద్దాం. ఖర్చులన్నీ పోను కిలోకు 80 రూపాయలు మిగులుతుందనుకుందాం. ప్రకటనకు వెయ్యి రూపాయలు పెడితే కొత్తగా 13 కిలోలు అమ్ముడుపోతేనే ఆ వెయ్యి తిరిగి వస్తుంది. ఎనిమిది కిలోలే అమ్మితే 360 రూపాయలు నష్టం. అయితే కొత్తగా వచ్చినవాళ్ళలో సగం మంది మళ్ళీ మళ్ళీ కొంటే ఆ ఖర్చు దండగ కాదు. అంటే చూడవలసింది ఎంతమంది చూశారన్నది కాదు, ఎంతమంది రెండోసారి వచ్చారన్నది. ఈ లెక్క రాసుకోకుండా, ప్రకటనల కోసం సంఘంలో అప్పు తీసుకోమని ఎవరైనా సలహా ఇస్తే గట్టిగా వద్దని చెప్పాలి.

ఒకే దారి మీద ఆధారపడటంలో ఉన్న ప్రమాదం కూడా మనం చూశాం. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అక్కడ సంపాదించుకున్న వీక్షకులు ఒక్కరోజులో లేకుండా పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఆరు గంటల పాటు ఆగిపోయాయి. అమెరికాలోని తెలుగువాళ్ళే సరైన కొనుగోలుదారులని పచ్చళ్ళవాళ్ళకు చెప్పటం ఒక అలవాటు. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు పార్సెళ్ళకున్న సుంకం మినహాయింపును ఎత్తివేసింది. మన తపాలా శాఖ కూడా అప్పుడు అక్కడికి పార్సెళ్ళు తీసుకోవటం కొన్నాళ్ళు ఆపేయవలసి వచ్చింది. దూరంలో ఉన్న కొనుగోలుదారు మంచి ధర ఇవ్వవచ్చు. కానీ దగ్గర్లో ఉన్నవాళ్ళే వ్యాపారాన్ని నిలబెడతారు.

మరి ఏం చేయాలి? సంఘాలతో పనిచేసే మిత్రుల ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను.

మొదటిది, ప్రకటనకంటే ముందు పుస్తకం. ఇప్పటికే కొన్నవాళ్ళ పేరు, ఊరు, నంబరు, ఏం కొన్నారు, ఎవరు చెప్తే వచ్చారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాయాలి. వంద పేర్లు వచ్చేసరికి సరైన కొనుగోలుదారు ఎవరో ఏ కంపెనీ చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది. సంక్రాంతికి అరిసెలు కొనేది ఊళ్ళోని ఉద్యోగుల ఇళ్ళా, పట్నంలో ఉన్న కొడుకు కోసం కొనే తల్లులా అన్నది మన పుస్తకమే చెప్తుంది. పేజీ మూతపడినా ఆ పుస్తకం మనదే. కొన్నవాళ్ళ నంబర్లు ఇంకొకరికి ఇవ్వకపోవటం మన బాధ్యత కూడా.

రెండవది, వ్యాపారానికి వేరే ఫోను, వేరే నంబరు. అది స్త్రీ పేరు మీద గానీ సంఘం పేరు మీద గానీ ఉండాలి. డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. ఐదారుగురు కలిసి ఒక నంబరు నడిపితే వంతులవారీగా జవాబులు ఇవ్వవచ్చు. ఒక్కరే వేధింపులకు గురయ్యే పరిస్థితి తగ్గుతుంది. జవాబిచ్చే వేళలు ముందే ప్రకటించి, రాత్రి ఫోను కట్టేయవచ్చు. వాట్సాప్‌లో జాబితాగా పంపే సందేశాలు మన నంబరును దాచుకున్న వాళ్ళకే చేరతాయి. అందుకే సరుకు ఇచ్చేటప్పుడే 'మా నంబరు దాచుకోండి' అని అడగటం ప్రకటనకంటే చవక.

మూడవది, మాధ్యమం మన సొంతం కావచ్చన్న నమ్మకం. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా పట్టి తమ సేద్యం గురించి తామే చిత్రాలు తీశారు. 2008 నుంచి తమ సొంత సంఘం రేడియో నడిపారు. చిరుధాన్యాలు పేదల తిండి అని చిన్నచూపు చూసిన రోజుల్లోనే వాటి విలువను వాళ్ళు తమ గొంతుతో చెప్పారు. 2019లో వారి సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సరుకు వెనకున్న జీవితాన్ని చేసినవాళ్ళే చెప్పటం ఏ ప్రకటనకూ తీసిపోదని వాళ్ళు చూపించారు.

నాలుగవది, ప్రభుత్వాన్ని వదలకూడదు. 'మీ కొనుగోలుదారును మీరే వెతుక్కోండి' అని ఫోను చేతికిచ్చి తప్పుకోవటం బాధ్యత దులుపుకోవటమే. అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు, ఆసుపత్రులకు కావలసిన సరుకులు సంఘాల నుంచి కొనవచ్చు. 2024లో తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. గిట్టుబాటు కూలీ, సకాలంలో చెల్లింపు అన్న షరతులతో ఇలాంటివి విస్తరించాలని మనం అడగాలి. ఇచ్చే శిక్షణలో చట్టం, భద్రత, లెక్కలు తప్పనిసరి పాఠాలు కావాలని కూడా అడగాలి.

రాబోయే మూడు నెలల్లో మీరు వెళ్ళే ప్రతి సంఘ సమావేశంలో ఐదు ప్రశ్నలు అడగండి. వ్యాపారం నంబరు ఎవరి పేరు మీద ఉంది? డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? కొన్నవాళ్ళ జాబితా ఉందా? ప్రకటనకు ఎంత పెట్టారు, ఎంత తిరిగొచ్చింది? రాత్రిపూట సందేశాలతో ఎవరైనా ఇబ్బంది పెట్టారా? చివరి ప్రశ్నను నలుగురిలో అడగకండి, పక్కన కూర్చుని అడగండి. పేర్లు లేకుండా జవాబులు మాకు రాయండి. వాటితో జిల్లా సమాఖ్యల ముందు, అధికారుల ముందు పెట్టడానికి ఒక వినతిపత్రం తయారు చేద్దాం.